ట్యాబ్ తెర మీద నల్లబడిన నా తెల్ల మంద

ఆత్మకూరు డివిజను పశువుల శాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,

వరికుంటపాడు మండలం, బండమీదపల్లె కాపురస్థుడు, గొర్రెల పెంపకందారు, పెంచలనరసయ్య, వయస్సు అరవై రెండు, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ట్యాబ్ తెర రంగులు తలక్రిందులైనందున నా నలభై ఆరు తెల్ల గొర్రెలు రికార్డులో నల్లవై, ఆపైన నా బావమరిదివై పోయినందుకు, అందులో 'కలెక్టరు' అను పొట్టేలును వచ్చే ఆదివారం కోయకుండ ఆపుటకు తక్షణ ఉత్తర్వుల కొరకు.

అయ్యా,

నేను ఎనిమిదవ తరగతి పూర్తిచేసి, ఉదయగిరి తాలూకాఫీసు ముందర అర్జీలు వ్రాసే ఒక పెద్దమనిషి ప్రక్కన ఆరు నెలలు కూర్చుని, 'విన్నవించుకొనడమైనది' అను మాట ఎక్కడ వేయవలెనో, ఎక్కడ వేయరాదో నేర్చుకొన్నవాడను. గొర్రెల వెంట తిరిగేవాడు ఏమి వ్రాస్తాడులే అని తమరు కాగితం ప్రక్కన పెట్టరాదు. ఇప్పటికి వివిధ శాఖలకు అరవై మూడు అర్జీలు పెట్టినాను. రెండింటికి జవాబు వచ్చినది. అందులో ఒకటి మా ఊరిది కాదు, పొరపాటున వచ్చినది. అయినను భద్రపరచినాను.

ముందుగా ఒక మనవి. ఈ అర్జీలో 'కలెక్టరు' అని వచ్చిన ప్రతిచోట మా పొట్టేలు అని చదువుకొనవలెను. జిల్లా పెద్దలను గూర్చి నేను ఏమీ అనలేదు, అనబోను. ఆ పొట్టేలు పుట్టిన మూడవనాడే తల్లి చనిపోతే, నా భార్య శీనమ్మ సీసాతో పాలు పట్టి పెంచినది. ఎవరు పిలిచినా రాడు. తనకు తోచినప్పుడే వస్తాడు. వచ్చినప్పుడు మందంతా ప్రక్కకు తప్పుకొంటుంది. అందువలన ఆ పేరు పెట్టడమైనది. ఇక నా బాధలు వరుసగా ఈ క్రింద విన్నవించుకొనుచున్నాను.

1. మా ప్రాంతపు తెల్ల గొర్రెలన్నీ చూడ్డానికి ఒకే తీరుగా ఉంటాయి. కనుక ఎవరి మందకు వారు నడుము మీద రంగు గుర్తు పెట్టుకోవడం తాతల నాటి వాడుక. మా ఇంటి గుర్తు జాజు, అనగా ఎర్రమట్టి రంగు. ఆముదంలో కలిపి పూస్తాము, వానకు పోదు. నా భార్య తమ్ముడు, అనగా నా బావమరిది రమణయ్య ఇంటి గుర్తు నీలిమందు. ఈ రెండు రంగుల మధ్య ఇన్నేళ్ళలో ఒక్కనాడు తగవు రాలేదు. మనుషుల మధ్య వచ్చినది. అది తరువాత మనవి చేస్తాను.

2. ఉగాది దాటిన వారంలో మా సచివాలయం పశువుల అసిస్టెంటు శ్రీకాంత్ గారు, మందలను నమోదు చేయవలెనని కొత్త ట్యాబ్ పట్టుకొని నా దొడ్డి దగ్గరకు విచ్చేసినారు. ఆ ట్యాబ్ వారి చేతికి వచ్చి ఒక్క పూట అయినదట, ఇంకా సరిగా తెరచి చూడను కూడ లేదట. మిట్టమధ్యాహ్నం. ఆ ఎండలో తెర మీద ఏమున్నదో వారికీ కనబడలేదు, నాకూ కనబడలేదు. "పెద్దాయనా, మీ వేలిముద్ర కావాల" అని వారు సంచిలో ఏదో వెతుకుతున్నారు. ప్రభుత్వమువారిని ఎండలో నిలబెట్టడం మర్యాద కాదని నేనే ముందుకు వచ్చి, ట్యాబ్‌ను చేతికి తీసుకొన్నాను. తెర అంచున మనిషి బొమ్మ గల గుండ్రటి బిళ్ళ ఒకటి మసకగా అగుపించినది. మనిషి బొమ్మ ఉన్నచోటే మనిషి ముద్ర అని ఎవరూ చెప్పనక్కరలేదు గదా. బొటనవ్రేలు ఉమ్మితో తడిపి, నిండుగా అదిమి వేసినాను. తరువాత వారు సంచిలోనుంచి ఎర్ర దీపం వెలిగే చిన్న పెట్టె ఒకటి తీసి దాని మీద వేలు పెట్టమన్నారు. దాని మీదనూ పెట్టినాను. అడిగినది ఒక ముద్ర, ఇచ్చినవి రెండు. ఇటువంటి పౌరుడు ఈ మండలంలో మరొకడు ఉండడు. ప్రక్కనే తన వంతు కోసం నిలబడిన రమణయ్య ఎందుకో పకపక నవ్వినాడు. వాడు ఎప్పుడూ నవ్వుతాడు, కావున పట్టించుకొనలేదు.

3. శ్రీకాంత్ గారు మా ఇద్దరి మందలకూ ఫోటోలు తీసుకొని పోయి, ఆఫీసు నీడలో కూర్చుని, తెర మీద ఫోటోలు చూచి వివరాలు ఎక్కించినారు. అవి ఈ విధముగ నున్నవి. పెంచలనరసయ్య మంద: రంగు నలుపు, గుర్తు నీలం. రమణయ్య మంద: రంగు నలుపు, గుర్తు జాజు.

అయ్యా, ఇది చదివి నా తల తిరిగినది. "నాయనా శ్రీకాంతూ, కళ్ళెదురుగా తెల్లగా ఉంటే నల్లగా రాసినావేంది?" అని అడిగినాను.

"ఎండలో అన్నీ తెల్లగానే కనపడతాయి పెద్దాయనా. ఫోటో అబద్ధం చెప్పదు" అన్నారు.

4. పోయిన వారం మంగళవారం సాయంత్రం ఈదురుగాలి, వడగళ్ళు. రెండు మందలూ బెదిరి కలిసిపోయి ఒకాయన నువ్వుచేలో పడ్డవి. ఆయన వాటిని పంచాయతీ బందెలదొడ్డికి తోలినాడు. గొర్రె అన్న తరువాత చేలో పడుతుంది, ఆయన అన్న తరువాత తోలుతాడు. అందులో ఎవరి తప్పూ లేదు.

మరునాడు విడిపించుకోబోతే, రికార్డు చూచి ఎవరివి వారికి అప్పగించుటకు శ్రీకాంత్ గారు వచ్చినారు. నమోదు ట్యాబ్‌తో చేయవలెనట, పరిశీలన మాత్రం సొంత కళ్ళతో చేయవలెనట. అది రూలు. వారు సొంత కళ్ళతో చూచినారు. దొడ్డిలో ఒక్కటి కూడ నల్లది లేదు. కాసేపు గడ్డం గోక్కొని, "నల్లవి ఇద్దరికీ లేవు కాబట్టి ఆ తప్పు ఇద్దరికీ సమానం. గుర్తును బట్టి పోదాం" అని, జాజు గుర్తువి రమణయ్యకు, నీలం గుర్తువి నాకు అని తేల్చినారు.

నేను దొడ్డి గోడ ఎక్కి "ద్దా… ద్దా… ర్ర్ర్" అని పిలిచినాను. నా నలభై అయిదు గొర్రెలూ ఒకదాని మీద ఒకటి పడి గోడ దగ్గరకు వచ్చినవి. కలెక్టరు కాస్త ఆగి, ఒళ్ళు విదిలించుకొని, తీరిగ్గా వచ్చినాడు. ఊరంతా చూచినది. శ్రీకాంత్ గారు కూడ చూచి, చాల బాధపడి, "నిజమే పెద్దాయనా, కానీ గొర్రెల సాక్ష్యం ఎక్కించడానికి యాప్‌లో గడి లేదే" అన్నారు.

5. ఆనాటి నుంచి నా సంసారం ఈ విధముగ నడచుచున్నది. ఉదయం నేను రమణయ్య గొర్రెలను మేతకు తోలుకు పోవలెను. రమణయ్య మనిషి వచ్చి నావి తోలుకు పోవలెను. సాయంత్రం అయ్యేసరికి వాని గొర్రెలు నన్ను వదలి వాని ఇంటికి, నా గొర్రెలు వాని మనిషిని వదలి నా ఇంటికి తమంతట తామే వచ్చుచున్నవి. శీనమ్మ తొట్టిలో నీళ్ళు పోసి పెడుతున్నది. రికార్డు ప్రకారం ఆమె ప్రతిదినం పరుల సొత్తును ఇంట కట్టివేయుచున్నది. గొర్రెలకు ఉన్న తెలివి రికార్డుకు లేకపోయెనే అని ఆమె వీధిలో నిలబడి అన్న మాటలు ఈ అర్జీలో వ్రాయదగినవి కావు.

రాలేనిది కలెక్టరు ఒక్కడే. రమణయ్య వానిని తన ఇంటి ముందర గుంజకు కట్టివేసినాడు. ఆదివారం వాని మనుమరాలికి చెవులు కుట్టే ఫంక్షను. బజారులో పదిమంది ముందర నిలబడి, నాకు వినబడేటట్లు, కాని నాతో కాక ప్రక్కవానితో, వాడు అన్న మాటలు ఇవి:

"మా బావకు రికార్డంటే ప్రాణం గదరా! అరవై అర్జీలు పెట్టినోడు. ఇప్పుడు రికార్డే చెప్తాండాది, కలెక్టరు నాదని. ఆదివారం పెద్ద దేగిసాలో ఉడికేది ఆ కలెక్టరే. అందురూ రాండి."

6. నాతో కాక ప్రక్కవానితో అన్నాడని వ్రాసినాను గదా. దానికి కారణం కలదు. రెండేళ్ళ క్రితం వింజమూరులో బంధువుల పెండ్లికి పోయి ఉంటిని. కొత్త తెల్లపంచె కట్టి ఉంటిని. భోజనాల బంతిలో ఈ రమణయ్య వెనుకగా వచ్చి, అరచేతి నిండా నీలిమందు కలుపుకొని, సరిగ్గా గొర్రెకు పెట్టేచోట నాకు ఒక అద్దు అద్ది పోయినాడు. తెలియక నేను పెండ్లి అయ్యేంత వరకు ఆ గుర్తుతోనే తిరిగినాను, పెద్దమనుషులతో మాట్లాడినాను, అక్షింతలు వేసినాను, వీడియోలో కూడ పడినాను. బావలను ఆటపట్టించడం మా వైపు వాడుకే. కాని నన్ను వాని మందలో కలుపుకోవడం ఏమి మర్యాద? నేను పోలీసు వారికి అర్జీ పెట్టినాను. వారు కూడ నవ్వినారు. ఆనాటి నుంచి మా ఇద్దరికీ మాటలు లేవు.

7. ఇక ట్యాబ్‌కు చేసిన వైద్యం. ట్యాబ్‌లో ఏదో తేడా ఉన్నదని ఊరిలో అనుమానం పుట్టినది. శ్రీకాంత్ గారు మంచివారు. "సెట్టింగులు ముట్టుకోకుండా ఏమన్నా చేసుకోండి" అన్నారు. ముందు ఆపి మళ్ళీ వేసినారు. నల్లగానే ఉన్నది. తెర మీద అంటించిన అద్దం బిళ్ళ ఊడదీసినారు. నల్లగానే ఉన్నది. చార్జింగు నిండా పెట్టినారు, పూర్తిగా దిగనిచ్చినారు, అట్లా తిప్పి చూచినారు, ఇట్లా వంచి చూచినారు. ఒక అవ్వ బియ్యం డబ్బాలో పూడ్చిపెడితే బాగవుతుందన్నది. అది నీళ్ళలో పడిన ఫోన్లకు గదా అంటే, "మీది ఎండలో పడింది గదా, ఎండకు మాత్రం బియ్యం పనికిరావా?" అన్నది. పూడ్చిపెట్టినారు. ఒక పూటంతా ప్రభుత్వ రికార్డు బియ్యంలో ఉన్నది. బయటకు తీస్తే ఒక పురుగు మాత్రం క్రొత్తగా వచ్చినది. అది తెర మీద నడుస్తుంటే దానిని కూడ నమోదు చేయమని ఎవరో అరచినారు.

8. ఇదంతా చూచి శీనమ్మ విసిగిపోయినది. "రికార్డు మారకపోతే పొట్టేలే మారాల" అని తలకు వేసుకొనే నల్లరంగు ప్యాకెట్టు ఒకటి కొంగున కట్టుకొని తమ్ముని ఇంటికి పోయినది. ఆడపడుచు గదా, గుమ్మంలో ఎవరూ ఆపలేదు. కలెక్టరుకు ముట్టె నుంచి భుజాల దాకా రంగు పూసినది. సగం అయ్యేసరికి ప్యాకెట్టు అయిపోయినది. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పినది. "పిచ్చిదానా, రికార్డులో జాజు గుర్తుతో నల్లగా ఉండేది ఎవరిది?" అని అడిగినాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నోటి మీద చెయ్యి వేసుకొన్నది. రమణయ్యది. అంతవరకు వాని హక్కు గుర్తు వరకే. ఇప్పుడు ముందు సగం రంగు కూడ కలిసినది.

9. ఈ గురువారం నాడు సత్యం బయటపడినది. అర్జీతో జతపరచుటకు ట్యాబ్‌తో ఒక ఫోటో తీయండి అని నేను శ్రీకాంత్ గారిని బతిమాలి, గొర్రె ప్రక్కన వేలు పెట్టి చూపిస్తూ నిలబడినాను. తెరలో నా చేయి నీలంగా ఉన్నది. మోచేతి దాకా నీలం. ముఖం పెట్టి చూచినాను, ముఖమూ నీలమే. మీసాలు మాత్రం నెరిసినవి గదా, నల్లగా నిగనిగలాడినవి. శీనమ్మ తెరలోకి తొంగిచూచి, చేతులు జోడించబోయి, నేనే అని గుర్తుపట్టి, "ఓయమ్మ! సామి అనుకుంటి" అని చేతులు దించినది. శ్రీకాంత్ గారు తన ముఖం చూచుకొన్నారు. చూచుకొని అరుగు మీద కూలబడినారు. ఇంతకాలం తెర నల్లగా ఉండటం బ్యాటరీ ఆదా కోసం చేసిన ఏర్పాటు అనుకొన్నారట పాపం.

వెంటనే ఆత్మకూరు బస్టాండు దగ్గర సెల్లుల రిపేరు దుకాణం పెట్టుకొన్న సుస్మిత అనే ఆమెకు ఫోను చేసినాము. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఈ చుట్టుప్రక్కల పగిలిన తెరలన్నీ ఆమె చేతి మీదుగా పోయినవే. ఆమె పద్ధతి ప్రకారం అడిగినది. క్రింద పడినదా? లేదు. తడిసినదా? బియ్యంలో మాత్రం పెట్టినాము. అప్పుడామె, "కెమెరా తప్పా, ఫోటో తప్పా, తెర తప్పా తేల్చాల. ఆ ఫోటో తెర మీద ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపించన్నా. నా ఫోన్లో కూడా నల్లగానే ఉంటే ఫోటోలోనే తేడా. నా దాంట్లో తెల్లగా ఉంటే తేడా మీ తెరలో ఉండాది" అన్నది.

పంపినారు. నేను కలెక్టరును తలచుకొని కళ్ళు మూసుకొన్నాను. ఒక్క నిమిషంలో ఫోను మోగినది.

"తెల్లగా ఉండాయన్నా! పాలలో ముంచి తీసినట్టు ఉండాయి. నడుం మీద ఎర్రమట్టి గుర్తు గూడా బాగా కనపడతాండాది. మీ ఫోటో మంచిదే, కెమెరా మంచిదే. తెర రంగుల్ని ఎవరో తలకిందులు చేసినారు. తెలుపును నలుపుగా, ఎరుపును నీలంగా చూపిస్తాండాది. ట్యాబ్ తీసుకొని రాండి, రెండు నిమిషాల పని."

అయ్యా, నేను అరుగు మీద గంతులు వేసినాను. అరవై రెండేళ్ళవాడను, వేసినాను. శీనమ్మ నవ్వుతూ ఏడ్చినది. నా గొర్రెలు తెల్లవని నిరూపించిన ఆ తల్లి కడుపు చల్లగా ఉండవలెను.

10. కాని శ్రీకాంత్ గారు ట్యాబ్‌ను గుండెలకు హత్తుకొని కదలలేదు. "ఆమె చెప్పింది నిజమే పెద్దాయనా. కానీ సెట్టింగులు మార్చొద్దని మాకు చెప్పుండారు. ఇంకో ఊర్లో ఒకాయన ఏదో నొక్కితే యాప్ మొత్తం పొయ్యింది. ఆర్నెల్లు తిరిగినాడు. పెద్ద సారు దగ్గర కాగితం తెస్తే ఇప్పుడే మారుస్తా. నాకిద్దరు బిడ్లుండారు" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైనది. తప్పు ఆయనది కాదు. తప్పు ఆ రంగులను తలక్రిందులు చేసినవానిది.

కావున తమరి సముఖమునకు ఈ క్రింది కోరికలు:

(అ) సదరు ట్యాబ్ తెర రంగులను యథాస్థితికి తెచ్చుకొనుటకు శ్రీకాంత్ గారికి వ్రాతమూలక అనుమతి ఈ దినమే దయచేయవలెను.

(ఆ) సదరు రంగులను తలక్రిందులు చేసిన వ్యక్తి ఎంతటివాడైనను, ఏ హోదాలో నున్నను, విచారణ జరిపి కఠినముగ శిక్షించవలెను. అట్టి వ్రేలికి ప్రభుత్వ వస్తువును ముట్టు అర్హత జీవితాంతము లేకుండ చేయవలెను. ఈ విషయములో దయ చూపరాదని ప్రత్యేకముగ మనవి.

(ఇ) రికార్డు సరిదిద్దబడే వరకు కలెక్టరు మెడ మీద కత్తి పడకుండ ఉత్తర్వులు ఇవ్వవలెను. ఆదివారం దాటితే రికార్డు దిద్ది ఉపయోగము లేదు. దేగిసాలో ఉన్నదానికి తెలుపు నలుపు తేడా ఉండదు.

అయ్యా, ఇంతవరకు కార్యాలయ భాషలో వ్రాసినాను. ఇక్కడ ఒక్క మాట మామూలుగా వ్రాస్తాను. శీనమ్మ రోజూ సాయంత్రం ఖాళీ పాలసీసా కడిగి గూట్లో పెడుతున్నది. కలెక్టరు పాలు మాని రెండేళ్ళు దాటింది. అది ఎందుకు కడుగుతున్నావని నేను అడగలేదు. అడిగితే ఇద్దరం ఏడవాలి. మాకు నలభై ఆరు ఉన్నాయి, నిజమే. కాని పేరు ఉన్నది దానికొక్కదానికే.

ఇందులోని సంగతులు గొర్రెలతో సహా అందరికీ తెలిసినవేనని ప్రమాణము చేయుచు, ఆదివారమునకు ముందుగనే తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెంచలనరసయ్య
బండమీదపల్లె

తా.క.: అయ్యా, పై అర్జీ గురువారం వ్రాసినది. ఇది శుక్రవారం తమ కార్యాలయపు వరండాలో కూర్చుని, మోకాలి మీద పెట్టుకొని వ్రాయుచున్నాను. అక్షరాలు వంకరపోయినందుకు క్షమించవలెను. కొంత నవ్వు వలన కూడ పోయినవి.

ఉదయం మొదటి బస్సుకే ఆత్మకూరు వచ్చినాను. తమరికి మీటింగు ఉన్నదని, మధ్యాహ్నం రమ్మని గుమాస్తా గారు చెప్పినారు. అదే మీటింగుకు ముందుగా వచ్చిన శ్రీకాంత్ గారు ట్యాబ్‌తో గేటు దగ్గర ఎదురైనారు. ఆయన వెనుక, అయ్యా, రమణయ్య! వాని చేతిలోనూ ఒక మడత కాగితం. పుట్టి బుద్ధెరిగి సంతకం తప్ప ఏమీ వ్రాయనివాడు నా మీద అర్జీ తెచ్చినాడని నాకు ఒళ్ళు మండినది. చూడనట్లు ముఖం త్రిప్పుకొన్నాను.

మీటింగుకు ఇంకా గంట ఉన్నదని శ్రీకాంత్ గారు, "ముట్టుకోవద్దు గానీ చూడొచ్చు గదా, ఒకసారి ఆమెకు చూపిద్దాం" అన్నారు. ముగ్గురం సుస్మిత దుకాణానికి పోయినాము. నేను ముందు, రమణయ్య పది అడుగులు వెనుక. ఆమె ట్యాబ్‌ను చేతితో కూడ తాకకుండ, మేజా మీద పెట్టించి, తల వంచి చూచినది.

"సెట్టింగుల్లో దూరే పనే లేదన్నా. ఇదిగో, ఈ అంచున మనిషి బొమ్మ బిళ్ళ ఉండాది చూసినారా? చూపు సరిగా ఆననోళ్ళ కోసం పెట్టింది. ఇది గట్టిగా నొక్కితే రంగులు తిరగబడతాయి. మళ్ళా నొక్కితే వచ్చేస్తాయి. ఎవరు నొక్కినారు దీన్ని?"

అప్పుడు వెనుక బెంచీ మీదనుంచి కుయ్యిమని ఒక శబ్దం వచ్చినది. చూస్తే రమణయ్య కడుపు పట్టుకొని, కండువా నోట్లో కుక్కుకొని, కళ్ళ నీళ్ళు కారుస్తున్నాడు.

"ఎవురు నొక్కినారో నేను చూసినానమ్మా!" అన్నాడు. "ఉమ్మితో తడిపి మరీ నొక్కినాడు!"

సుస్మిత నా బొటనవ్రేలి వైపు చూచినది. శ్రీకాంత్ గారు నా బొటనవ్రేలి వైపు చూచినారు. నేను కూడ చూచుకొన్నాను. అరవై రెండేళ్ళుగా నా చేతికే ఉన్నది గాని, అంత పెద్దదిగా ఎన్నడూ కనబడలేదు.

"తెలిసి తెలిసి నెలరోజులుగా ఎందుకు చెప్పలేదురా?" అని అరచినాను. రెండేళ్ళ తరువాత వానితో నేను అన్న మొదటి మాట అది.

"నువ్వు నాతో మాట్లాడతాండావా, నేను చెప్పేదానికి?" అన్నాడు వాడు. నవ్వు ఆపి అన్నాడు.

సుస్మిత మెల్లగా, "పెద్దాయనా, నొక్కిన వేలే మళ్ళా నొక్కితే సరి" అన్నది. శ్రీకాంత్ గారు రూలు తలచుకొని కళ్ళు మూసుకొన్నారు. చూడకపోతే తన బాధ్యత లేదట. నేను వ్రేలు తడపకుండ, పంచెకు తుడుచుకొని, మనిషి బొమ్మ మీద అదిమినాను.

అయ్యా, తెల్లవారినట్లయినది. తెర మీద నలభై ఆరు గొర్రెలూ తెల్లగా, జాజు గుర్తులు ఎర్రగా. వాటి మధ్య కలెక్టరు మెడ ఎత్తి నిలబడి ఉన్నాడు. అరవై నాలుగవ అర్జీ జేబులో ఉన్నది గాని, నోటికి వచ్చినది ఒక్కటే మాట.

"రమణా, నా కలెక్టరును నాకియ్యరా."

"ఈ మాట ఆ బుధవారమే అనుంటే బుధవారమే తోలుకొచ్చేవాణ్ణి గదా బావా" అన్నాడు. "మా అక్క పాలు పట్టి పెంచినదాన్ని కోస్తానా? నేనేమన్నా రాక్షసుణ్ణా? ఫంక్షనుకు కోళ్ళు చెప్పి మూడు దినాలాయె. ఊరంతా తెలుసు, నీకు తప్ప. నువ్వు ఎవురితోనన్నా మాట్లాడితే గదా!"

మరి ఆ మడత కాగితం ఏందిరా అని లాక్కొన్నాను. వాడు ఇవ్వనన్నాడు, నేను లాగినాను. తన చేతితోనే, గొర్రెలకు గుర్తు పెట్టినంత పెద్ద అక్షరాలతో రెండు ముక్కలు వ్రాసినాడు. తమరికి జతపరచుచున్నాను. దానిలో ఇట్లున్నది: 'సారూ మా బావ పొట్టేలు మా బావకు ఇప్పించండి. నేనే ఇద్దామంటే ఆయన నన్ను అడగడు.'

ఆ బెంచీ మీదనే కూర్చుని ఇద్దరం చాలాసేపు నవ్వినాము. సుస్మిత టీ తెప్పించినది. శ్రీకాంత్ గారు కళ్ళు తెరచి, ట్యాబ్ చూచి, ఆయన కూడ నవ్వినారు.

కావున పై అర్జీలో ఈ క్రింది సవరణలు మనవి. (అ) కోరిక తీరినది. అనుమతి జరిగినదానికి ఇప్పించవలెను. (ఇ) కోరిక కూడ తీరినది. (ఆ) కోరికను తమరు చదవనట్లు భావించవలెను. ఒకవేళ ముందే చదివియుంటే, ముద్దాయిని వెతుకుటకు విచారణ వేయనక్కరలేదు, ఇదే కాగితం క్రింద సంతకం చేసియున్నాడు. 'దయ చూపరాదు' అను మాటను మాత్రం కొట్టివేయవలెను.

ఇక మిగిలినది రికార్డు ఒక్కటే. మా ఇద్దరి మందలను తెల్లవిగా, నావి జాజుగా, వానివి నీలంగా దిద్దించవలెను. కలెక్టరు ముందు సగం ఇంకా నల్లగానే ఉన్నాడు. క్రొత్త బొచ్చు వచ్చేదాకా వాని రంగు గడి ఖాళీగా ఉంచవలెను. ఆదివారం ఫంక్షనుకు శీనమ్మ వానిని ఆ తీరుగానే తోలుకు వస్తానంటున్నది. తమరు కూడ రావలెనని రమణయ్య ప్రక్కనుంచి చెప్పుచున్నాడు.

దిద్దుటకు ఇద్దరి వేలిముద్రలూ కావలెనని, ఇంకు ప్యాడు ఎండిపోయినదని గుమాస్తా గారు ఇప్పుడే అన్నారు. మాకు ప్యాడుతో పని లేదు. మా వేళ్ళకు మా మందల రంగులు ఏనాడూ వదలవు, కాస్త తడిపితే చాలును. క్రింద జాజు రంగుది నా వేలు, నీలం రంగుది నా బావమరిది వేలు. తమరు కళ్ళతోనే చూచుకొనవలెను, ట్యాబ్‌తో ఫోటో తీయవద్దు.